దొరసాని గదిలో పనిచేసిన బానిస యువతి ఎందుకు పారిపోయింది?

అమలాపురం పాఠకురాలు:
అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇంట్లో ఆయన భార్య మార్తాకు పరిచారికగా ఉన్న ఓనా జడ్జ్ గురించి ఈమధ్య చదివాను. పొలాల్లో చాకిరీ చేసే బానిసలకంటే ఆమెకు తిండి, బట్ట మెరుగ్గానే ఉండేవి. అయినా 1796లో పారిపోవలసినంత కష్టం ఏమి వచ్చిందో తెలిసినవారు వివరించగలరా?

తాళ్లరేవు ఉపాధ్యాయుడు:
అమ్మా, పొలం పనికి పొద్దుగూకడమనే హద్దయినా ఉంటుంది గానీ, దొరసానికి బట్టలు తొడిగి, తల దువ్వి, కుట్టుపని చూసే మనిషికి అదీ లేదు. ఓనా తల్లి బెట్టీ కూడా వర్జీనియా రాష్ట్రంలో వాషింగ్టన్‌ గారికున్న మౌంట్ వెర్నన్ తోటలో కుట్టుపని చేసిన బానిసే. కూతురిని సుమారు పదేళ్ల వయసులో పెద్ద ఇంట్లోకి తీసుకున్నారు. తరువాత ఆమెను అప్పటి రాజధాని ఫిలడెల్ఫియా తీసుకువెళ్లారు. అక్కడి చట్టం ప్రకారం, యజమాని ఆరు నెలలు కాపురముంటే వెంట తెచ్చిన బానిసలు స్వేచ్ఛ కోరవచ్చు కాబట్టి, వాషింగ్టన్ ఆ గడువు నిండకముందే వారిని రాష్ట్రం దాటించి మళ్లీ రప్పించేవారు. చివరికి, మార్తా మనవరాలు ఎలైజాకు తనను పెళ్లికానుకగా ఇచ్చివేయబోతున్నారని తెలిసి, ఇంటివారు భోజనం చేస్తున్న వేళ ఓనా బయటపడింది.

పిఠాపురం నివాసి:
మనవైపు దీనిని అరణం అంటే వెంటనే బోధపడుతుంది. గోదావరి జిల్లాల జమీందారీ కోటల్లో రాణులను కొలిచిన అడపాపలకు పెళ్లి చేసుకునే వీలుండేది కాదు. బ్రిటిష్ వారి 1843 చట్టం బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకుండా చేసినా, కోటల లోపలి ఆనవాయితీ అంత తొందరగా పోలేదు. అయితే రెంటినీ ఒకటే అనలేము; వర్జీనియాలో తల్లి బానిసయితే పుట్టిన బిడ్డ కూడా చట్టప్రకారం ఆస్తే.

అమలాపురం పాఠకురాలు:
మరి ఆమెను వెతకలేదా అండీ?

తాళ్లరేవు ఉపాధ్యాయుడు:
వెతకకేమి! పది డాలర్ల బహుమతితో పత్రికలో ప్రకటన వేయించారు. ఆమె ఓడలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్ చేరిందని తెలిశాక, వాషింగ్టన్ ఖజానా మంత్రికి ఉత్తరం రాసి, సుంకం అధికారిని ఆమె వద్దకు పంపించారు. పనిమనిషిలా కాక బిడ్డలా పెంచామని ఆ ఉత్తరంలో నిష్ఠూరమాడారు కూడా. వాషింగ్టన్ దంపతుల తరువాతైనా విముక్తి ఇస్తామంటే తిరిగివస్తానని ఆమె అడిగితే, ఆయన ఒప్పుకోలేదు. ఓనా మార్తా మొదటి భర్త ఎస్టేటుకు చెందినది కావడంతో, తన సొంత బానిసలకు విముక్తి రాసిన వాషింగ్టన్ 1799 వీలునామా కూడా ఆమెకు పనికిరాలేదు. ఓనా నావికుడిని పెళ్లాడి, బీదరికంలో బతికి, 1848లో చట్టం దృష్టిలో బానిసగానే మరణించింది. వెళ్లిపోయినందుకు విచారం లేదని ముసలితనంలో పత్రికల వారికి చెప్పింది. ఆ ఇంట్లో తనకు ఎవరూ ఏమీ నేర్పలేదనీ, చదవడం స్వేచ్ఛ దొరికాకే వచ్చిందనీ కూడా చెప్పింది.