ముప్పై ఏళ్లకే సాండీ కోఫాక్స్ ఆట ఎందుకు మానేశారు?

ప్రశ్న

బేస్‌బాల్ పిచర్ల (బ్యాటర్‌కు బంతి విసిరేవారి) జీవితాల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. డాడ్జర్స్ జట్టు ఎడమచేతి వాటం పిచర్ సాండీ కోఫాక్స్ విషయంలో నాకు రెండు సందేహాలు తీరడం లేదు. 1966లో ఆయన 27 ఆటలు గెలిచి తొమ్మిదే ఓడారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఆయన ఖాతాలో పడిన పరుగుల సగటు 1.73 మాత్రమే. అలాంటి సీజన్ ముగిసిన కొద్ది వారాలకే, నవంబరు 18న, ఇంకా 31 ఏళ్లు నిండకుండానే ఆట మానేస్తున్నట్టు ప్రకటించారు. చేయి నొప్పి వల్ల అని చాలాచోట్ల ఒక్క ముక్కలో రాసి వదిలేస్తున్నారు. అంత నొప్పి ఉన్న మనిషి అంత గొప్పగా ఎలా వేయగలిగారు? ఇక రెండోది: 1955 నుంచి 1960 వరకు ఆయన గెలిచినవి 36, ఓడినవి 40. సగటు పిచర్‌గా కూడా నిలవని వ్యక్తి 1961లో ఒక్కసారిగా ఎలా మారిపోయారు? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు

మీ రెండో సందేహానికి సమాధానం చాలావరకు అప్పటి నిబంధనలోనే ఉంది. బ్రూక్లిన్‌లో పుట్టిన కోఫాక్స్ సిన్సినాటి విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఆడుతూ వచ్చిన కుర్రవాడు. బేస్‌బాల్‌లో ఆయన అనుభవం చాలా తక్కువ. 1954 డిసెంబరులో డాడ్జర్స్ ఆయనకు 14,000 డాలర్ల బోనస్ ఇచ్చి చేర్చుకుంది. 4,000 డాలర్లకు మించి బోనస్ తీసుకున్న ఆటగాడిని రెండేళ్లపాటు మేజర్ లీగ్ (అగ్రశ్రేణి) జట్టులోనే ఉంచాలనే నియమం ఆ రోజుల్లో ఉండేది. దాంతో ఏ పిచర్ అయినా తప్పులు చేస్తూ, వారం వారం బంతి వేస్తూ నేర్చుకునే మైనర్ లీగ్ (కింది స్థాయి) దశ ఆయనకు దక్కలేదు. 1955లో ఆయనకు చోటు కల్పించడానికి జట్టు కింది లీగ్‌కు పంపిన పిచర్ టామీ లసోర్డా. తర్వాతి కాలంలో ఆయనే డాడ్జర్స్ మేనేజర్‌గా పేరు తెచ్చుకున్నారు.

ఆ మొదటి ఏడాది ఆగస్టులో సిన్సినాటి జట్టు మీద 14 మందిని స్ట్రైకౌట్ చేసి (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేసి), రెండే హిట్లు (బ్యాటర్ బంతి కొట్టి బేస్ అనే స్థానం చేరడం) ఇచ్చి కోఫాక్స్ గెలిచారు. చేతిలో సత్తా ఎంత ఉందో ఆ ఒక్క ఆట చాలు చెప్పడానికి. అయినా ఎప్పుడు వేయిస్తారో తెలియని స్థితిలో, దొరికిన కొద్ది అవకాశాల్లో తన వేగమంతా చూపించాలని తాపత్రయపడేవారు. బంతి అదుపు తప్పేది. 1958లో 158 ఇన్నింగ్స్ చిల్లరలో 105 వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్) ఇచ్చారు. 1960 సీజన్ ముగిశాక విసిగిపోయి తన సామగ్రిని చెత్తబుట్టలో పడేశారు. క్లబ్‌హౌస్ చూసుకునే ఉద్యోగి దాన్ని తీసి భద్రపరిచారు. 1961 వసంతకాలపు సన్నాహక ఆటల్లో క్యాచర్ (పిచర్ విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) నార్మ్ షెర్రీ ఆయనకు చెప్పిన మాట చాలా చిన్నది: అంత గట్టిగా విసరవద్దు, కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) కూడా వేయి, బ్యాటర్లను బంతి కొట్టనివ్వు. పట్టు సడలించేసరికి బంతి అనుకున్న చోట పడసాగింది, వేగమూ పెద్దగా తగ్గలేదు. ఆ ఏడాది 269 స్ట్రైకౌట్లతో, మేజర్ లీగ్ రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్ రికార్డు నెలకొల్పారు. షెర్రీ సలహా ఎంత విలువైనదో, క్రమం తప్పకుండా వేసే అవకాశం రావడం కూడా అంతే ముఖ్యమని నా అభిప్రాయం.

రెండో జవాబు

చేయి సంగతి నేను చెబుతాను. 1964 ఆగస్టులో పరుగు తీసే వంతులో రెండో బేస్‌కు వెనక్కి దూకినప్పుడు ఆయన ఎడమ మోచేయి నేలకు బలంగా తగిలింది. ఆ తర్వాత వైద్యులు తేల్చింది దెబ్బల వల్ల కీలు అరిగి వచ్చే కీళ్లవాతం. 1965 మార్చిలో ఒక సన్నాహక ఆట పూర్తిగా వేసిన మర్నాడు నిద్ర లేచేసరికి, లోపల రక్తస్రావమై చేయంతా నల్లగా కమిలిపోయి ఉంది. అలాంటి చేత్తోనే ఆ సీజన్‌లో 335 ఇన్నింగ్స్‌కు పైగా వేసి, 382 స్ట్రైకౌట్లు సాధించి, సెప్టెంబరు 9న షికాగో కబ్స్ మీద పర్ఫెక్ట్ గేమ్ (ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆట) వేశారు.

ఎలా వేయగలిగారంటే మందులతో. మోచేతి కీలులోకి కార్టిసోన్ సూదిమందు, వాపు తగ్గడానికి బ్యూటజోలిడిన్ మాత్రలు, ఆటకు ముందు చేతికీ వీపుకీ మిరపకాయల ఘాటుతో చేసిన కాప్సొలిన్ లేపనం, ఆట అయ్యాక మంచునీళ్ల తొట్టిలో మోచేయి. బ్యూటజోలిడిన్ పందెపు గుర్రాలకు కూడా వాడే మందు. ఇవన్నీ నొప్పిని అణచగలవు గానీ అరిగిన కీలును బాగుచేయలేవు. కాబట్టి బాగా వేయడానికీ చేయి చెడిపోవడానికీ మధ్య వైరుధ్యమేమీ లేదు; మందుల బలంతో వేసిన ప్రతి ఆటా కీలును మరికొంత తినేసింది. విరమణ ప్రకటించిన రోజు ఆయన చెప్పిన కారణం కూడా ఇదే: బేస్‌బాల్ తర్వాత బతకవలసిన ఏళ్లు చాలా ఉన్నాయి, ఆ ఏళ్లు రెండు చేతులూ పనిచేస్తుండగా గడపాలి. అప్పటికి ఆటలో అత్యధిక జీతాల్లో ఒకటైన 1,25,000 డాలర్లు అందుకుంటున్న మనిషి తీసుకున్న నిర్ణయం ఇది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ఇప్పటి వైద్యం అందుబాటులో ఉంటే ఆయన కొనసాగేవారా? అలాగే, డాడ్జర్ స్టేడియం పిచర్లకు బాగా కలిసివచ్చే మైదానమనీ, ఆయన అంకెలను కొంత తగ్గించి చూడాలనీ కొందరు అంటున్నారు. అది సబబేనా?

మూడో జవాబు

మైదానం విషయం కొంతవరకు నిజమే. 1962లో తెరిచిన ఆ స్టేడియంలో ఆయన 57 ఆటలు గెలిచి 15 ఓడారు, పరుగుల సగటు 1.37. పైగా 1963లో స్ట్రైక్ జోన్ (బంతి సరైనదిగా లెక్కకు వచ్చే ప్రాంతం) పెంచారు. పిచర్ నిలబడే మట్టిదిబ్బ 15 అంగుళాల ఎత్తు ఉండేది, దాన్ని 1969లో 10 అంగుళాలకు తగ్గించారు. అయితే ఆ సౌకర్యాలు ఆనాటి ఇతర పిచర్లకూ ఉన్నాయి. రెండు లీగ్‌లకూ కలిపి ఉత్తమ పిచర్‌కు ఒక్కటే సై యంగ్ అవార్డు ఇచ్చే కాలంలో 1963, 1965, 1966లలో ఓటు వేసిన ప్రతి ఒక్కరూ ఆయన పేరే రాశారు.

వైద్యం గురించి: 1974 సెప్టెంబరులో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, డాడ్జర్స్ పిచర్ టామీ జాన్ కుడి చేతి నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తంతువు) తీసి, తెగిపోయిన ఎడమ మోచేతి లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే తంతువు) స్థానంలో అమర్చారు. టామీ జాన్ తిరిగి వచ్చి 1989 వరకు ఆడి, మరో 164 ఆటలు గెలిచారు. కోఫాక్స్ కాలంలో ఎక్స్‌రే మాత్రమే ఉంది, అందులో ఎముక కనిపిస్తుంది గానీ లిగమెంట్ కనిపించదు. ఆయన లిగమెంటే దెబ్బతిని ఉంటే ఈ శస్త్రచికిత్స ఉపయోగపడేది. అరిగిన కీలుకు మాత్రం ఇది మందు కాదు.

అంకెల్లో ఎంత తగ్గించాలని అడిగేవారికి నేను 1965 వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల మధ్య తుది పోరు) చూపిస్తాను. యూదుల యోమ్ కిప్పూర్ పర్వదినం కావడంతో, యూదుడైన ఆయన మొదటి ఆటలో వేయలేదు. రెండో ఆట ఓడారు, ఐదోది గెలిచారు. రెండు రోజుల విశ్రాంతి మాత్రమే తీసుకుని ఏడో ఆటకు మినెసోటాలో దిగేసరికి కర్వ్‌బాల్ అదుపులోకి రాలేదు. దాంతో ఎక్కువగా ఫాస్ట్‌బాల్ మీదే ఆధారపడి తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తి చేసి, 2–0తో జట్టును గెలిపించారు. అది ప్రత్యర్థి మైదానం, డాడ్జర్ స్టేడియం కాదు.