సమస్యాపూరణం: “తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు”

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం.

*తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు*

విషయం: రానున్న దైవతీర్పు, దానికి ముందుగా వినిపించే మారుమనస్సు పిలుపు. పూరణ బైబిలు ఆధారంగానే ఉండాలి.

గణాలు చూసుకోండి. తప్పు/లొప్పు/కొన్నఁ/దప్పెఁ/దీర్పు: అయిదూ సూర్యగణాలే, అయిదూ గలాలే. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరవలసిన మైత్రి) త–ద. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; 2, 4 పాదాల్లో అయిదు సూర్యగణాలు. సూర్యగణమంటే నగణం (మూడు లఘువులు), గలం (హగణం: గురువు, లఘువు) మాత్రమే. పూరణల్లో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

అర్థంలో చిక్కు ఏమిటంటే, ఏ న్యాయస్థానంలోనైనా తప్పు ఒప్పుకొంటే తీర్పు ఖాయమవుతుంది. ఇక్కడ తప్పిపోయిందట. పైగా “తీర్పు తప్పె” అన్నదానికి తీర్పు పొరపాటుపడిందనీ, తీర్పు తొలగిందనీ రెండర్థాలు. మొదటి అర్థం రాకుండా రెండోదాన్ని నిలబెట్టాలి. ఎవరు ఒప్పుకొన్నారు, ఎప్పుడు, ఎవరి ఎదుట, ఒప్పుకొని ఏం విడిచిపెట్టారు అన్నది మొదటి మూడు పాదాలు చెప్పకపోతే సమస్య తీరినట్టు కాదు.

ఒలీవకొమ్మ:

నలుబది దినములకు నగరము గూలునం
చార్చి యోన పలుక జనులు వడఁకి,
గోనెఁ గట్టి రాజు గూర్చుండె బూడిదన్,
తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు.

నిర్వాహకుడు:

అమ్మా, యోనా ప్రవక్త హెచ్చరించిన నీనెవె నగర వృత్తాంతం ఈ సమస్యకు పుట్టినిల్లు లాంటిది. గణాలు, యతులు సరిగా ఉన్నాయి. “యోనా”ను “యోన” అనడం సీతా–సీత పద్ధతే, దోషం లేదు. రెండు సవరణలు మాత్రం కావాలి.

ఒకటి, “జనులు వడఁకి... రాజు గూర్చుండె”. వణికినది జనులు, కూర్చున్నది రాజు. క్త్వార్థానికి (“వడఁకి” లాంటి అసమాపక క్రియకు), ప్రధాన క్రియకు కర్త ఒక్కరే ఉండాలి. “వడఁక” అంటే చాలు, గణం చెడదు.

రెండు, “బూడిదన్” అని ద్రుతంతో (చివరి నకారంతో) ముగించారు. దాని తర్వాత “తప్పు” రాకూడదు, సరళాదేశంతో (త ద గా మారి) “దప్పు” కావాలి. సమస్యలో అక్షరం మార్చే వీలు లేదు గనుక మూడవ పాదాన్ని కళతో (ద్రుతం లేని పదంతో) ముగించండి:

నలుబది దినములకు నగరము గూలునం
చార్చి యోన పలుక జనులు వడఁక,
గోనెఁ గట్టి బూదిఁ గూర్చుండి రా జెంచి
తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు.

“ఎంచి” చేరడంతో తప్పులను ఒక్కొక్కటే లెక్కపెట్టుకొన్నాడన్న అర్థం కూడా వచ్చింది. యోనా 3వ అధ్యాయంలో రాజాజ్ఞ “దుర్మార్గాన్నీ, చేతుల్లోని బలాత్కారాన్నీ ప్రతివాడూ విడిచిపెట్టాలి” అనే అంటుంది. గోనెపట్ట కట్టుకోవడంతో ఆగలేదు. పదో వచనంలో దేవుడు చూసినది గోనెను కాదు, వారు చెడు నడతను మానుకొనడాన్ని.

గణమిత్ర:

ఇక్కడ మూలభాష సంగతి ఒకటి చెప్పాలి. “కూలును” అన్నచోట హీబ్రూలో ఉన్న క్రియకు ధాతువు హాఫక్. సొదొమ నాశనానికి ఆదికాండము 19లో వాడినదీ అదే. దానికి తలకిందులగుట అనీ, మారిపోవుట అనీ రెండర్థాలూ ఉన్నాయి. నీనెవె నలభై రోజుల్లో కూలలేదు, మారింది. ప్రవక్త పలికిన మాట అబద్ధం కాలేదు! మన సమస్యలోని “తప్పె” లాగే అదీ రెండువైపులా తిరిగే మాట.

యిర్మీయా 18:7-8 కూడా చూడండి. ఒక జనాన్ని పెల్లగిస్తానని దేవుడు చెప్పిన తర్వాత ఆ జనం చెడుతనం మానితే, ఆయన ఆ కీడు చేయడు. హెచ్చరికగా వచ్చిన తీర్పులో ఆ షరతు చెప్పకపోయినా ఉంటుంది. అందుకే “తప్పె” అన్నది దేవుని మాట తప్పడం కాదు. తరువాతి తరాలు పాత నడతకు తిరిగిపోయాయి, క్రీ.పూ. 612లో ఆ నగరం కూలనే కూలింది.

సువార్తబాట:

ఆస్తిలోన సగము నార్తుల కిచ్చెద,
మోసగించి కొన్న మొత్తమునకు
నాలుగింత లిత్తు నాథ యన్ జక్కయ
తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు.

నిర్వాహకుడు:

సవరణ అక్కరలేని పూరణ. మొదటి పాదంలో ఆ–(న)ఆ స్వరయతి చక్కగా కుదిరింది. మూడు పాదాల్లో రెండున్నర జక్కయ్య (యేసును ఇంటికి చేర్చుకొన్న ధనిక సుంకరి, లూకా 19) నోటి మాటలకే ఇవ్వడం మంచి ఎన్నిక.

ఆ “నాలుగింతలు” దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సంఖ్యాకాండము 5:7 ప్రకారం తనంతట తాను పాపం ఒప్పుకొన్నవాడు అసలు సొమ్ము, దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తే చాలు. వందకు నూట ఇరవై. గొఱ్ఱెను దొంగిలించి కోసినా అమ్మినా నాలుగు, ఎద్దుకైతే అయిదు. దొంగసొత్తు ప్రాణంతో చేతిలో దొరికితే రెట్టింపు (నిర్గమకాండము 22:1, 4). జక్కయ్యను ఎవరూ పట్టుకోలేదు, కాబట్టి అతనికి అయిదో వంతు లెక్కే వర్తించాలి. అయినా గొఱ్ఱెల దొంగకు పడే లెక్కను తన మీద తానే వేసుకొన్నాడు. మారుమనస్సు అంటే ఏమిటో ఆ లెక్కలోనే కనిపిస్తుంది: తనను తాను తక్కువ శిక్షకు అర్హుడిగా చూపుకోలేదు.

బాప్తిస్మమిచ్చు యోహాను కూడా “మేమేమి చేయవలెను” అని అడిగిన సుంకరులతో వివరంగానే మాట్లాడాడు: నిర్ణయించిన దానికంటె ఎక్కువ తీసుకోవద్దు. జనసమూహంతో: రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలి. సైనికులు ఎవరినీ బాధపెట్టి దండుకోవద్దు, తమ జీతంతో తృప్తిపడాలి (లూకా 3). గొడ్డలి చెట్ల వేరున ఉంచబడి ఉందని చెప్పిన ఊపులోనే ఈ మాటలన్నాడు.

కొత్తకలం:

మొదటి ప్రయత్నం. తప్పులుంటే చెప్పగలరు.

సిలువమీఁది దొంగ చివరి గడియలోన
మనకుఁ దగిన శిక్ష మనకుఁ గలిగె
నంచు ప్రభువా నన్ను తలంపు మని యడిగి
తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు.

గణమిత్ర:

సోదరా, మొదటి ప్రయత్నంలోనే రెండవ పాదం ఇంత సహజంగా రావడం సంతోషం. మూడవ పాదంలో గణదోషం ఉంది. నంచు (గలం) బాగుంది. తరువాత “ప్రభువా” రెండు లఘువులు, ఒక గురువు: సగణం. అది సూర్యగణం కాదు. అక్కడినుంచి పాదమంతా జారిపోయింది, యతిస్థానం కూడా దొరకదు. సంబోధనలో చివరి దీర్ఘం ఇలా చాలామందిని ఇబ్బంది పెడుతుంది. సంబోధనను నాలుగో గణానికి జరపండి:

నంచుఁ దలఁపు నన్ను నయ్య యని యడిగి

నంచుఁ/దలఁపు/నన్ను/నయ్యయ/నియడిగి: గలం, నగణం, గలం, భగణం, నలం. యతి స్థానాల్లో రెండుచోట్లా ద్రుతం మీద అకారమే.

భావంలో ఒక జాగ్రత్త. రోమా శిక్ష తప్పలేదు; ఆ సాయంత్రం కాళ్లు విరుగగొట్టించుకొనే చనిపోయాడు (యోహాను 19:32). తప్పినది దాని తర్వాతి తీర్పు. “తగిన శిక్ష” అన్న మీ పాదమే ఆ తేడాను పట్టి ఇస్తుంది: మనుషులు వేసిన శిక్ష న్యాయమేనని ఒప్పుకొన్నవాడు దాన్ని తప్పించమని అడగలేదు. పక్క సిలువ మీదివాడు మాత్రం “నిన్నును మమ్మును రక్షించు” అన్నాడు. అందులో ఒప్పుకోలు లేదు, దిగిపోవాలన్న ఆత్రమే.

“చివరి గడియ” అన్న మాటను ఆలస్యానికి అనుమతిగా ఎవరూ చదువుకోకూడదు. ఆ గడియలో ఉన్నవారు ఇద్దరు, తిరిగింది ఒక్కడే. లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయిన సంగతి వస్తుంది. వారికి ముందస్తు గడియ ఏదీ దొరకలేదు. అదే అధ్యాయంలో మూడేళ్లు కాయని అంజూరపు చెట్టుకు ఇంకొక్క ఏడు గడువు దొరికింది. తవ్వి ఎరువు వేయడానికి ఇచ్చిన గడువది.

ఆకోరులోయ:

సమస్యకు ఎదురు తిరిగే ఉదాహరణ తీసుకొంటున్నాను. కాకువుతో (ప్రశ్నించే గొంతుతో) చదవాలి.

చీటి పడిన పిదపఁ జెప్పె నాకానుండు
పసిఁడికమ్మి గోతఁ బాతితి నని;
పట్టువడిన వెనుకఁ బలుకుట యేపాటి?
తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు?

నిర్వాహకుడు:

ధైర్యమైన పూరణ. “తప్పెనా” అని లేకుండా ప్రశ్నార్థం రావాలంటే ముందు పాదంలో ప్రశ్న ఉండాలి. “యేపాటి?” ఆ పని చేసింది కాబట్టి కాకువు నిలిచింది. “చీటి” గురించి ఒక్క మాట: యెహోషువ 7లో గోత్రం, వంశం, కుటుంబం, చివరికి మనిషి, ఇలా వరుసగా పట్టుబడ్డట్టే ఉంది. చీటి వేశారన్నది వ్యాఖ్యాతల ఊహ. మంచి ఊహే గనుక పద్యంలో ఉండనివ్వవచ్చు.

యెరికోలో ముట్టరాదన్న సొత్తులోంచి ఆకాను దాచినవి: షీనారు (బబులోను ప్రాంతం) పైవస్త్రం ఒకటి, రెండువందల షెకెలుల వెండి, ఏభై షెకెలుల బంగారు కమ్మి. షెకెలు సుమారు 11 గ్రాములు, అంటే కమ్మి ఒక్కటే అర కిలో పైన. డేరా మధ్య నేలలో పాతిపెట్టి, ముప్పై ఆరుమంది హాయి పట్టణం దగ్గర యుద్ధంలో చనిపోయినప్పుడు నోరు మెదపలేదు. గోత్రాలను పిలిచినప్పుడూ ముందుకు రాలేదు. దాచడానికి ఇంక చోటు లేకపోయాకే చెప్పాడు.

ఒలీవకొమ్మ:

ఇంకా ఇద్దరున్నారు కదా. వడగండ్లు పడుతుంటే ఫరో “ఈసారి నేను పాపము చేసితిని” అన్నాడు. వాన ఆగగానే మళ్లీ గుండె కఠినం చేసుకొన్నాడు. సౌలు “పాపము చేసితిని” అంటూనే ప్రజలకు జడిశానన్నాడు, రెండోసారి అన్నప్పుడు పెద్దల ఎదుట తన్ను ఘనపరచమని అడిగాడు (1 సమూయేలు 15). రాజ్యం పోయింది. ముగ్గురి నోటా వచ్చింది ఒకటే మాట: పాపము చేసితిని. ఊరియా భార్య విషయంలో దావీదు రాజు అన్నదీ అదే మాటే. మరి అతనికెందుకు తప్పింది?

సువార్తబాట:

ఆ ప్రశ్నకే ఈ పూరణ, అమ్మా:

నీవె యా నరుఁడవు నేఁ డని నాతాను
నిజము పలుక రాజు నెమ్మనమునఁ
గుంది, సాకుమాట కూర్పక దావీదు
తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు.

నిర్వాహకుడు:

“సాకుమాట కూర్పక” – సౌలుకూ దావీదుకూ ఉన్న దూరమంతా ఈ రెండు పదాల్లో ఉంది. మొదటి పాదంలో “నేఁడు” యతి కోసం వచ్చిన వ్యర్థపదం. “నీవె యా నరుఁడవు, నిలు మని నాతాను” అనండి. పద్యంలోకి ప్రవక్త గొంతు వస్తుంది.

మీరు వదిలేసినది ఒకటుంది. “నీవు చావవు” అన్న నాతానే, ఖడ్గం నీ యింటిని విడువదనీ, బిడ్డ చనిపోతాడనీ చెప్పాడు. మరణతీర్పు తొలగింది, చేసిన పని ఫలితం తొలగలేదు. పద్యంలో దీనికి చోటు లేదు, దోషం అనను. కానీ ఈ సమస్యను బోధలో వాడుకొనేవారు ఈ తేడా తప్పక చెప్పాలి. క్షమాపణ దొరికినవాడు అప్పు తీర్చనక్కరలేదనుకొంటే, గాయపడ్డ ఎదుటివాడి దగ్గర మళ్లీ తప్పు మొదలవుతుంది.

కొత్తకలం:

యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదా కూడా ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు, పాపం చేశానన్నాడు. గ్రీకులో అతనికి వాడిన మాట వేరట కదా?

గణమిత్ర:

మత్తయి 27:3లో ఉన్నది మెటమెలొమై, అంటే నొచ్చుకోవడం. మారుమనస్సుకు సాధారణంగా వాడేది మెటనోయా, అంటే మనసు మారడం. హీబ్రూలో షూబ్, వెనుదిరగడం. అయితే ఆ పదాల తేడా మీదే అంతా నిలబెట్టవద్దు. ద్రాక్షతోటకు వెళ్లనని చెప్పి, తరువాత వెళ్లిన కుమారుడికి మత్తయి 21:29లో వాడినదీ మెటమెలొమైయే. అతడు నొచ్చుకొని తోటకు వెళ్లాడు. యూదా నొచ్చుకొని యాజకుల దగ్గరకు వెళ్లాడు, వారు “దానితో మాకేమి” అన్నారు. అక్కడినుంచి దేవుని వైపు తిరగలేదు. మాట ఒకటే అయినా వెళ్లిన చోట్లు వేరు.

దీపపుసెమ్మె:

తప్పె నన్న మాట తగదు, తీర్పు నిలిచె
గొఱ్ఱెపిల్లమీఁదఁ గొండ వోలెఁ
బడియె; దానివలనఁ బాపికి విడుదల;
తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు.

నిర్వాహకుడు:

ఇంతసేపూ ఎదురుచూసిన పూరణ ఇది. “గొఱ్ఱెపిల్ల” అంటే సిలువమీది క్రీస్తు. మొదటి “తప్పె” పొరపాటుపడిందన్న అర్థంలో, చివరి “తప్పె” తొలగిందన్న అర్థంలో. ఒకే మాటను కాదని మళ్లీ అవునని, వైరుద్ధ్యం లేకుండా ముగించారు. “వోలెఁ బడియె” సరళాదేశం కూడా మరిచిపోలేదు.

న్యాయాధిపతి దోషిని ఊరికే వదిలితే ఆయన నీతి ఏమవుతుందన్నది పౌలు రోమా 3:25-26లో ఎదుర్కొన్న ప్రశ్న. దేవుడు నీతిమంతుడుగా ఉంటూనే విశ్వసించినవానిని నీతిమంతునిగా తీర్చడం సిలువ దగ్గరే సాధ్యమైందని ఆయన జవాబు. యెషయా 53:6లో “మన యందరి దోషము”ను మోసినవాడు ఒకడున్నాడు. ఒప్పుకోలుకు తీర్పును రద్దు చేసే శక్తి ఉందని కాదు. తీర్పు ఇంకొకరి మీద పడి ఉన్నచోటికి ఒప్పుకోలు మనిషిని తీసుకువెళ్తుంది. అక్కడికి వెళ్లనివానికి అది ఇంకా ముందే ఉంది. ఏథెన్సులో పౌలు, దేవుడు అందరూ మారుమనస్సు పొందాలని ఆజ్ఞాపిస్తున్నాడనీ, తీర్పుకు ఒక దినాన్ని నిర్ణయించాడనీ చెప్పింది దాని గురించే (అపొస్తలుల కార్యములు 17).

ఒక చిన్న సూచన: “నిలిచె” తరువాత విరామచిహ్నం లేదు. అక్కడ కామా పెట్టండి, లేకుంటే “గొఱ్ఱెపిల్లమీఁద నిలిచె” అని అన్వయించే ప్రమాదం ఉంది.

నా పూరణ కూడా ఇస్తున్నాను. సామెతలు 28:13లో ఒప్పుకోవడం పక్కనే విడిచిపెట్టడం ఉంది. సమస్యలో లేని ఆ రెండో సగం కోసమే ఇది:

దాఁచుకొన్నవాఁడు దాఁటఁ డేనాఁడును,
విడిచి వచ్చువాఁడు వెలుఁగుఁ జూచు;
నడక మారి, మనసు నలిగి, సాకులు మాని
తప్పు లొప్పుకొన్నఁ దప్పెఁ దీర్పు.

ఒలీవకొమ్మ:

ఆర్యా, మూడవ పాదంలో వరుస గురించి ఒక సందేహం. 51వ కీర్తనలో విరిగి నలిగిన హృదయం ముందు, నడక తరువాత కదా. మనసు నలగకుండా నడక మారితే అది భయంతో వచ్చిన జాగ్రత్తే అవుతుంది. “మనసు నలిగి, నడక మారి, సాకులు మాని” అనడానికి యతి కూడా ఒప్పుకొంటుంది. నాలుగో గణం మకారంతోనే మొదలవుతుంది.

నిర్వాహకుడు:

నిజం, అమ్మా. వరుస మీరు చెప్పినదే సరి. ఇలా మారుస్తున్నాను:

మనసు నలిగి, నడక మార్చి, సాకులు మాని

మనసు/నలిగి/నడక/మార్చిసా/కులుమాని: మూడు నగణాలు, రగణం, సలం. యతి మ–మా. “మారి” తీసి “మార్చి” పెట్టాను; “మారి” అయితే నాలుగో గణం అలాగే నిలుస్తుంది గాని, నడక దానంతట అదే మారినట్టు వినిపిస్తుంది.