యాక్సెస్, ఎక్సెల్‌లో ఉన్న షాపు డేటా ఎస్‌క్యూఎల్‌లోకి మార్చాలి, తక్కువ ఖర్చులో అవుద్దా?

తెనాలి_కుర్రాడు
అన్నలూ మాది ఎరువుల షాపు, నాన్న 2009 నుంచి బిల్లులన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలోనే కొడుతున్నాడు, రైతుల బాకీలు మాత్రం ఎక్సెల్‌లో ఏడాదికో షీటు. ఇప్పుడు ఆ యాక్సెస్ ఫైలు 1.8 జీబీ అయింది, కౌంటర్లో ఒకళ్లు గోడౌన్లో ఒకళ్లు తెరిస్తే చాలు వారానికోసారి కరప్ట్ అవుతోంది, మొన్న సీజన్లో ఒక పూటంతా చేత్తో బిల్లులు రాశాం. ఒకాయన్ని అడిగితే లక్ష అన్నాడు. నాకు కాలేజీలో నేర్చుకున్న ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లతో పని చేయించే భాష) కొంచెం వచ్చు. ఇంకోటి, నాన్నకి ఆ స్క్రీన్లే అలవాటు, మారిస్తే ఊరుకోడు.

పాత_డీబీఏ
తమ్ముడూ ముందు ఫైలు కాపీ తీసి పక్కన పెట్టు, ఎందుకంటే యాక్సెస్ ఫైలు 2 జీబీ దాటదు, నువ్వు అంచున ఉన్నావు. యాక్సెస్‌లోనే ఉండే కాంపాక్ట్ అండ్ రిపేర్ కొడితే కొంచెం తగ్గుద్దేమో గానీ అది తాత్కాలికమే. లక్ష ఎందుకు, మైక్రోసాఫ్ట్ వాళ్ల పెద్ద డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఫ్రీ, 2022 వెర్షన్లో డేటాబేస్‌కి 10 జీబీ దాకా ఇస్తాడు, మీకు బోలెడు. టేబుళ్లు మార్చడానికి మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఎస్‌ఎస్‌ఎంఏ అని టూల్ ఉంది, అదీ ఫ్రీనే. తర్వాత ఓడీబీసీతో (ప్రోగ్రాంని డేటాబేస్‌కి కలిపే డ్రైవర్) ఆ టేబుళ్లని యాక్సెస్‌కి లింక్ చేసెయ్, స్క్రీన్లు అవే ఉంటాయి, నాన్నగారికి తేడా కూడా తెలీదు. ఒకటే, ఎక్స్‌ప్రెస్‌లో టైముకి పనులు నడిపే ఏజెంట్ ఉండదు కాబట్టి రోజూ బ్యాకప్‌కి విండోస్ టాస్క్ షెడ్యూలర్ నువ్వే పెట్టుకోవాలి. మర్చిపోకు.

పోస్ట్‌గ్రెస్_పిచ్చోడు
నేనైతే పోస్ట్‌గ్రెస్ అంటాను, అదీ ఫ్రీ డేటాబేసే, దానికి సైజు గొడవే లేదు, కానీ ఆ స్క్రీన్లు ఉంచాలంటే పైన అన్న చెప్పిందే తేలిక. అసలు తలనొప్పి యాక్సెస్ కాదు బ్రో, ఎక్సెల్. బ్యాచ్ నంబర్ల ముందు సున్నాలు మింగేస్తుంది, 91తో మొదలయ్యే ఫోన్ నంబర్లు 9.19ఈ+11 అయిపోతాయి, తేదీ బదులు 45000 కనిపిస్తే కంగారు పడకు, అది 15 మార్చి 2023. అందుకే నేరుగా అసలు టేబుల్లోకి తోయకు, అన్ని కాలమ్స్ టెక్స్ట్‌గా ఒక తాత్కాలిక టేబుల్ పెట్టి అందులో పోసుకుని, శుభ్రం చేశాక అక్కణ్ణుంచి పంపు. రైతుల పేర్లు తెలుగులో ఉన్నాయా? అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టినవైతే ముందు యూనికోడ్‌కి మార్చాలి, లేదంటే డేటాబేస్‌లో పిచ్చి గీతలే. పేర్ల కాలమ్‌కి యూనికోడ్ పట్టే టైపు ఎన్‌వార్‌చార్ పెట్టు, ఉత్త వార్‌చార్ పెడితే పేర్లన్నీ ప్రశ్నార్థకాలు.

తెనాలి_కుర్రాడు
మీరు అన్నట్టే అను ఫాంటే అన్నా 😭 2014 దాకా అన్నీ అవే. బిల్లుల టేబుళ్లు మాత్రం ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి వచ్చేశాయి, కానీ పాత బిల్లు మార్చబోతే రైట్ కాన్‌ఫ్లిక్ట్ (ఇంకెవరో అదే రికార్డు మార్చారని) అంటోంది, వేరే ఎవరూ తెరవలేదు కూడా.

పాత_డీబీఏ
యాక్సెస్‌లో యెస్/నో కాలమ్స్ సర్వర్లో బిట్ (0 లేదా 1) టైపు అయ్యుంటాయి, వాటిల్లో నల్‌లు, అంటే ఖాళీలు ఉంటే యాక్సెస్ ఇలాగే ఏడుస్తుంది. నల్‌లన్నీ 0 చేసి, డిఫాల్ట్ 0 పెట్టి, టేబుల్‌కో రోవెర్షన్ కాలమ్ (వరుస మారినప్పుడల్లా తనే మారేది) కలిపి మళ్లీ లింక్ చెయ్.

తెనాలి_కుర్రాడు
పోయింది అన్నా, థాంక్స్! ఇప్పుడు 2016 బాకీల మొత్తం 3,400 తేడా వస్తుంటే రాత్రంతా వెతికా, చూస్తే నాన్న అంకె ఉండాల్సిన గడిలో "ఆదివారం ఇస్తానన్నాడు" అని కొట్టాడు.

పోస్ట్‌గ్రెస్_పిచ్చోడు
😂 ఇంతకీ ఇచ్చాడా?

తెనాలి_కుర్రాడు
నాన్నని అడిగా. ఏ ఆదివారమో ఆ రైతు చెప్పలేదు అంటున్నాడు.