పోపుల డబ్బా డబ్బుకి లెక్క అడగొచ్చా?

హొరమావు వాసి:
ఉండేది బెంగళూరులో. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగస్తులం. పాప మూడో క్లాసు. జీతాలైతే పెరుగుతున్నాయి గానీ ఇరవయ్యో తారీఖు దాటితే చేతిలో ఏమీ ఉండట్లేదు. అందుకని ఈసారి సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక ఒక షీట్ మొదలుపెట్టా. అద్దె, స్కూలు ఫీజు, కిరాణా, పాలు, పనిమనిషి, పెట్రోలు, నాన్నకి పంపేది, అన్నీ వరసగా. ఇద్దరి ఫోన్లలోనూ తెరుచుకుంటుంది. మూడు నెలలు బాగానే నడిచింది.

ఏప్రిల్ నెల షీట్‌లో మా ఆవిడ "ఇతరాలు 3,200" అని రాసింది. "ఇతరాలంటే ఏంటి?" అని అడిగా. అంతే. మూడు రోజులు "అన్నం పెట్టాను", "పాప పడుకుంది" తప్ప ఇంకో మాట లేదు. నాలుగో రోజు అంది: "మా అమ్మ పోపుల డబ్బాలో దాచుకున్నదాని గురించి మా నాన్న ఒక్కనాడూ అడగలేదు. నేను ఉద్యోగం చేస్తూ కూడా నీకు లెక్క చెప్పాలా?"

బడ్జెట్ అన్నాక ప్రతి రూపాయీ కనిపించాలి కదా? నాది తప్పంటారా? మీ ఇళ్లల్లో ఎలా చేస్తున్నారు?

కేఆర్ పురం కుర్రోడు:
తప్పేం లేదు బ్రో. ఈ ఊళ్లో లెక్క లేకపోతే మునిగిపోతాం. 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 అయింది. రెండు నెలలు తిరక్కుండానే నందిని పాలు లీటరుకి 4 రూపాయలు పెరిగాయి. పోనీ ఇల్లు మారదామా అంటే అడ్వాన్సు పది నెలల అద్దె అడిగే ఓనర్లు ఇంకా ఉన్నారు. వీటిలో మన చేతిలో ఉన్నది ఏదీ లేదు. మన చేతిలో ఉన్నది ఆ "ఇతరాలు" గడి ఒక్కటే. నా షీట్‌లో ఆ గడే తీసేశా. ఏం కొన్నా పేరు రాయాల్సిందే.

నెల్లూరి అక్క:
కేఆర్ పురం బాబూ, నీకు పెళ్లైందా?

కేఆర్ పురం కుర్రోడు:
ఇంకా లేదక్కా. ముగ్గురు రూమ్మేట్లం.

నెల్లూరి అక్క:
అనుకున్నా. హొరమావు తమ్ముడూ, "ఇతరాలంటే ఏంటి" అన్న మాట షీట్‌లో చదివితే ఒకలా ఉంటుంది, కంచం ముందు కూర్చుని వింటే ఇంకోలా ఉంటుంది.

2016 నవంబర్ 8 రాత్రి టీవీలో పెద్ద నోట్ల రద్దు సంగతి చెప్పగానే మా అమ్మ ఏమీ మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్లింది. మేం ఆవిడ వెనకే వెళ్లాం. కందిపప్పు డబ్బా అడుగున కొన్ని, పాత పట్టుచీర మడతల్లో కొన్ని, పోపుల డబ్బాలో మెంతుల గిన్నె కింద చిన్న చుట్ట. మొత్తం నలభై ఏడు ఐదువందల నోట్లు. మెంతుల కింద ఉన్నవైతే పసుపు అంటుకుని ఉన్నాయి. మా నాన్న నోరెళ్లబెట్టాడు. చెల్లి పురిటికని దాచిందట. అంతా సొంతింట్లో మిగిల్చిన డబ్బే, అయినా అమ్మ దొంగతనం బయటపడ్డట్టు తల వంచుకుని నిలబడింది. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

నోట్ల రద్దప్పుడు గృహిణులు బ్యాంకులో వేసుకున్న 2.5 లక్షల లోపు డబ్బుని లెక్కచెప్పని ఆదాయంగా చూడకూడదని 2021లో ఆగ్రా ఆదాయపు పన్ను ట్రైబ్యునల్ తేల్చింది. పన్నులవాళ్లకే అడిగే వీల్లేకపోయింది, నువ్వెవరు తమ్ముడూ అడగడానికి?

కేఆర్ పురం కుర్రోడు:
అక్కా, మీ కథ నా వైపే సాక్ష్యం చెబుతోంది. నాన్నగారికి ముందే తెలిసుంటే ఆ 23,500 పోస్టాఫీసులో ఉండేది. పప్పు డబ్బాలో కూర్చున్న నోటుకి వడ్డీ ఎవరిస్తారు?

నెల్లూరి అక్క:
మా నాన్నకి ముందే తెలిసుంటే మా బాబాయి బైకుకి పోయేది. వడ్డీ సంగతి తర్వాత.

లెక్కల మాస్టారు:
ఆదాయంలో సగం అవసరాలకి, 30 శాతం సరదాలకి, 20 శాతం దాచుకోవడానికి అని ఈమధ్య అందరూ ఒక సూత్రం చెబుతున్నారు. అమెరికాలో పుట్టిన లెక్క అది. హొరమావులో అద్దె, స్కూలు ఫీజు కలిపితేనే సగం అయిపోతుంది. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకి పంపేది ఏ గడిలో వేయాలో ఆ సూత్రంలో అసలు లేదు. అవసరమా, సరదానా, పొదుపా?

చిత్తూరు చిన్నమ్మి:
నాది వేరే గొడవ. ఆధార్‌లో అడ్రస్ ఇక్కడికి మార్చుకున్నాక ఆడవాళ్లకి ఉచిత ప్రయాణమిచ్చే "శక్తి" కింద బీఎంటీసీ మామూలు సిటీ బస్సుల్లో నాకు టికెట్ లేదు. 2023 జూన్‌లో వచ్చింది కదా ఆ స్కీము. అంతకుముందు ఆఫీసు రాకపోకలకే నెలకి వెయ్యి దాటేది. ఏసీ బస్సుకి ఇది వర్తించదు కాబట్టి ఎండల్లో కూడా చెమటలు కక్కుతూ మామూలు బస్సులోనే నిలబడి వెళ్తున్నా. మా ఆయన షీట్‌లో "ప్రయాణం 0" చూసి మురిసిపోయి ఆ వెయ్యిని ఇంటి లోనులోకి తోసేశాడు.

కరెంటుదీ ఇదే వరస. ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు మనమే కట్టాలి. గీజరు ఆపారా, ఫ్యాన్ ఆపారా అని ఇల్లంతా తిరిగేది నేను. మిగిలాక మాత్రం అది "మన" డబ్బు. పోయిన నెల నుంచి "ప్రయాణం 1,000" అనే రాస్తున్నా. ఎవరూ గమనించలేదు. మీరూ చెప్పకండి.

లెక్కల మాస్టారు:
హహ్హ. ఆడిటర్ లేని కంపెనీ.

బొబ్బిలి వదిన:
ఇక్కడ అందరూ సరదాగా మాట్లాడుకుంటున్నారు, రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించా.

మా ఆయన పోయి నాలుగేళ్లయింది. పెద్ద కర్మ అయిన వారానికి ఒకాయన ఇంటికొచ్చి, "సార్ మా దగ్గర చీటీ పాడుకున్నారమ్మా, ఇంకా పద్నాలుగు నెలలు కట్టాలి" అన్నాడు. పాడిన డబ్బు ఎక్కడికి వెళ్లిందో ఇవాళ్టికీ తెలీదు. ఫోన్ లాక్ తెలీదు. ఏ బ్యాంకులో ఎంతుందో తెలీదు. ఒక ఖాతాలో నామినీగా పెళ్లికి ముందు రాసిన మా అత్తగారి పేరే ఉంది, ఆవిడ ఆయనకంటే ముందే పోయారు. పదేళ్లు ఎవరూ కదపని డిపాజిట్లని బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు నిధికి పంపేస్తాయి. వాటి ఆచూకీ వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అని ఒక పోర్టల్ పెట్టారు. ఆయన మర్చిపోయిన పాత ఖాతా ఏదైనా దొరుకుతుందేమోనని అందులోనూ వెతికా. అందులో ఉండేవి బ్యాంకుల లెక్కలు. చీటీలు ఉండవు, చేబదుళ్లు ఉండవు.

మా ఆయన మంచివాడే. నన్ను టెన్షన్ పెట్టకూడదని చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే అనుమానిస్తున్నట్టు ఉంటుందని.

అందుకే నెల్లూరి అక్కగారూ, మీ మాట నేను పూర్తిగా ఒప్పుకోలేను. కాఫీకెంత, చీరకెంత అని అడగొద్దు, సరే. ఎవరికి బాకీ ఉన్నాం, ఎక్కడ చీటీ ఉంది, నామినీ ఎవరు, ఇవి మాత్రం ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. పోపుల డబ్బాలో ఎంతుందో అక్కర్లేదు. అలాంటి డబ్బా ఒకటి ఉందని ఇంకో మనిషికి తెలియాలి.

నెల్లూరి అక్క:
వదినా, దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. అప్పు విషయంలో మీరన్నదే సరైనది.

కేఆర్ పురం కుర్రోడు:
ఇది చదివాక మా అమ్మకి ఫోన్ చేసి నామినీ సంగతి అడిగా. "ఎందుకురా, ఏమైంది" అని కంగారు పడింది.

హొరమావు వాసి:
అందరికీ థాంక్స్. ఆదివారం కూర్చుని నా యూపీఐ స్టేట్‌మెంట్ తీశా. ఏప్రిల్‌లో 163 చెల్లింపులు. ఆఫీసు కింద దర్శిని టిఫిన్ హోటల్లో బై-టూ కాఫీలు, సిల్క్‌బోర్డు దగ్గర చెరుకు రసం, వానొస్తే ఆటో, ఎవరిదో ఫేర్‌వెల్ కేకుకి చందా. పెట్రోలు పోగా 5,840. ఇదంతా నేను "పెట్రోలు" లైన్లోనే కలిపి రాసేశానని అప్పుడు తెలిసింది. మా ఆవిడ ఒక్కసారి కూడా ఇన్ని లీటర్లు ఎక్కడ పోస్తున్నావని అడగలేదు.

రాత్రి ఇద్దరం మాట్లాడుకున్నాం. చెరో 4,000 అడగని డబ్బు. 5,000 దాటిన ఏ ఖర్చైనా, అప్పైనా, చీటీ అయినా ముందే చెప్పుకోవాలి. నామినీల పేర్లు కూడా చూశాం, నా పీఎఫ్‌లో ఇంకా అమ్మ పేరే ఉంది.

కేఆర్ పురం కుర్రోడు:
అడగని డబ్బుని షీట్‌లో ఏమని రాస్తారు బ్రో?

హొరమావు వాసి:
"పోపులు". మా ఆవిడే పెట్టింది.

నెల్లూరి అక్క:
బాగుంది. ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకు. మొదట్లో రాసిన లైన్లలో "నాన్నకి పంపేది" ఉంది. మీ ఆవిడ వాళ్లమ్మగారికి పంపేది ఏ లైన్లో ఉంది?

హొరమావు వాసి:
ఆ లైన్ లేదక్కా. పంపుతోందో లేదో కూడా నేనెప్పుడూ అడగలేదు. నాన్న లైన్ కింద ఇప్పుడే ఒక ఖాళీ వరస చేర్చా. తను ఇంకా టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఉంది.