28 ఏళ్లు టీ ఆకు కోసినావిడకు ఏమైనా డబ్బు వస్తుందా?

పెరంబూరు అత్తమ్మ:
మా పైవాటాలో అద్దెకుంటున్న అమ్మాయి వాళ్లమ్మ తమిళనాడు కొండల్లోని వాల్పారై నుంచి వచ్చి మూడు వారాలైంది. 28 ఏళ్లు ఒకే టీ ఎస్టేటులో ఆకు కోసింది. కుడి చెయ్యి భుజం దాటి లేవదు, జడ కూతురే వేస్తోంది. హిమోగ్లోబిన్ ఏడు. ఇప్పుడంతా కత్తెరతోనే కోయిస్తున్నారట. కత్తెరకు తగిలించిన సంచి నిండేకొద్దీ బరువంతా మణికట్టు మీదే. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. పొద్దున చెంబుతో నీళ్లిస్తే గుక్కెడు తాగి పెట్టేస్తుంది. తోటలో మరుగెక్కడిదమ్మా, తాగకపోవడమే అలవాటైంది అంది. నయం కాకుండానే వెళ్లిపోతానంటోంది, మానేస్తే ఎస్టేటు ఇచ్చిన లైను ఇల్లు పోతుందని భయం. తెలిసినవాళ్లు చెప్పండి.

నర్సు, బెంగళూరు:
అత్తమ్మా, ఐరన్ మాత్ర టీతో మింగుతోందేమో చూడండి. టీతో వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రెండు గంటలైనా ఎడం ఉండాలి, నిమ్మకాయ నీళ్లతో ఇవ్వండి. ఏడంటే మాత్రలతో సరిపెట్టకుండా కారణమేంటో డాక్టరు దగ్గర తేల్చుకోవాలి. షుగరు కూడా చూపించండి, షుగరున్నవాళ్లకూ భుజం ఇలాగే బిగుసుకుంటుంది. మూత్రంలో మంట ఉందా అని మీరే అడగండి. అడిగితే తప్ప చెప్పరు.

పీఎఫ్ పని చేసేవాణ్ణి, చెన్నై:
తప్పకుండా వస్తుందండీ. గ్రాట్యుటీ అంటే పని మానేసేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన డబ్బు. 1972 గ్రాట్యుటీ చట్టంలో తోటల పేరు ఉండేది, దాని బదులు వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. ఐదేళ్లు దాటితే, తనంతట తాను మానేసినా ఇవ్వాలి. ఏడాదికి 15 రోజుల కూలి, అంటే ఆవిడకు 420 రోజుల కూలి. 30 రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ కూడా కట్టాలి. పీఎఫ్ దీనికి వేరే. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం పెట్టనివ్వకండి. ఎస్టేటు ఆఫీసుకు ఒంటరిగా పంపొద్దు, తోటి ఆడవాళ్లు ఇద్దరు వెంట ఉండాలి. 2015లో కేరళ మున్నారు టీ తోటల్లో బోనసు 10 శాతానికి కోస్తే, యూనియన్ నాయకుల్ని పక్కన పెట్టి రోడ్డెక్కింది ఆడకూలీలే.

పెరంబూరు అత్తమ్మ:
ఇద్దరికీ దండం. మూత్రం మంట నిజమే, ఏడాదిగా ఉందట. రేపు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం. జీతం చీట్లు పదేళ్లవే దొరికాయి. అంతకు ముందువి లేకపోతే ఎలా?

పీఎఫ్ పని చేసేవాణ్ణి, చెన్నై:
పీఎఫ్ నంబరు పట్టుకోండి. కట్టడం ఎప్పుడు మొదలైందో రికార్డులో ఉంటుంది, అదే గట్టి ఆధారం. ఆ చీట్లు జాగ్రత్త, ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి.