ఏడవని తల్లి మీద అనుమానం: ప్రవర్తన కూడా సాక్ష్యమేనా?

నెల్లూరు రవళి:
నోయిడా ఆరుషి కేసులో తల్లి నూపుర్ తల్వార్ 2008లో టీవీకి ఇచ్చిన ఇంటర్వ్యూ ముక్క మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. కింద కామెంట్లు చదివితే ఒళ్లు మండింది. ఒక్క కన్నీటి చుక్క లేదట, జుట్టు నీటుగా దువ్వుకుందట, కళ్లు చూస్తేనే తెలిసిపోతోందట.
కేసు గుర్తులేని వాళ్ల కోసం: 2008 మే 16 ఉదయం జలవాయు విహార్‌లోని ఫ్లాట్‌లో, పద్నాలుగో పుట్టినరోజుకి వారం ముందు, ఆ అమ్మాయి తన గదిలో హత్యకు గురై కనిపించింది. మర్నాడు ఇంట్లో పనిచేసే హేమరాజ్ శవం అదే ఇంటి టెర్రస్ మీద దొరికింది. తల్లిదండ్రులిద్దరూ డెంటిస్టులు. 2013 నవంబరులో ఘజియాబాద్ సీబీఐ కోర్టు ఇద్దరికీ యావజ్జీవం వేసింది. 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులని విడుదల చేసింది.
నేను అడిగేది ఒక్కటే. మనిషి ఎలా ఏడ్చాడు, ఎలా కూర్చున్నాడు అనేదాన్ని బట్టి హత్య చేశాడో లేదో చెప్పడానికి మనమెవరం?

సూటిగా సుబ్బు:
రవళి గారూ, కోపం పక్కన పెట్టి వినండి. ప్రవర్తన చూడకుండా ఎవరినైనా అంచనా వేస్తామా? పోలీసులు ఇంట్లోకి రాగానే చేసే మొదటి పని అదే కదా. ట్రయల్ జడ్జి కూడా తీర్పులో రాశారు: కూతుర్ని ఆ స్థితిలో చూసిన తల్లిదండ్రులు కౌగలించుకుని ఉంటే బట్టలకి రక్తం అంటేది, అంటలేదు అని. మామూలు మనిషికి వచ్చిన సందేహమే జడ్జికీ వచ్చింది. పైగా ఆ రాత్రి ఇంట్లో ఉన్నది నలుగురు, తెల్లారేసరికి ఇద్దరు లేరు. మిగిలిన ఇద్దరి ముఖాలు జనం చూడకుండా ఉంటారా?

గుంటూరు వకీలు:
సుబ్బు గారూ, సగం చెప్పి వదిలేస్తే ఎలా? ఆ తీర్పులో 26 కారణాలు లెక్కపెట్టి శిక్ష వేశారు. హైకోర్టులో జస్టిస్ అరవింద్ కుమార్ మిశ్రా దాని మీద విడిగా రాశారు. ట్రయల్ జడ్జి లెక్కల మాస్టారిలా జవాబు ముందే పెట్టుకుని లెక్క చేశారని, సినిమా డైరెక్టరులా సన్నివేశాలు అల్లారని గట్టిగానే తప్పుపట్టారు.

ఇక చట్టం సంగతి. ప్రవర్తన అసలు పనికిరాదని చట్టం అనలేదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 8, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 6 దాని గురించే. కానీ అక్కడ ప్రవర్తన అంటే నేరం జరిగాక పారిపోవడం, కత్తి దాచడం, సాక్షుల్ని కొనడం లాంటివి. అవి కూడా మిగతా సాక్ష్యానికి తోడుగా నిలబడతాయే తప్ప ఒంటరిగా కాదు. సాక్షి బోనెక్కినప్పుడు అతని తీరు నోట్ చేసుకునే అధికారం జడ్జికి ఉంది. ఇంటి హాల్లో, టీవీ కెమెరా ముందు ఎలా ఉన్నారో చూసి శిక్ష వేసే అధికారం ఎవరికీ లేదు.

మీ "నలుగురిలో ఇద్దరు" వాదన పాత ఎవిడెన్స్ యాక్ట్‌లోని సెక్షన్ 106 కింద వచ్చింది. ఇంట్లో ఏం జరిగిందో ఇంట్లోవాళ్లే చెప్పాలి అని. బయటివాళ్లు వచ్చే అవకాశమే లేదని ముందు ప్రాసిక్యూషన్ రుజువు చేస్తేనే ఆ బరువు ఇంటివాళ్ల మీదకి మారుతుందని హైకోర్టు అంది. ప్రాసిక్యూషన్ ఆ రుజువు చూపించలేకపోయింది. పరిస్థితుల సాక్ష్యం మీద నడిచే కేసులో ప్రతి లంకె విడివిడిగా రుజువు కావాలని సుప్రీంకోర్టు 1984లోనే శరద్ బిర్ధిచంద్ శారదా కేసులో చెప్పింది.

పెదనాన్న:
నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని మా నాయనమ్మ అనేది. ఆవిడ లెక్కన తండ్రి ఏడిస్తే తప్పు. ఇప్పుడు ఈ కామెంట్ల లెక్కన తల్లి ఏడవకపోతే తప్పు. ఇక ఆ ఇంట్లో ఎవరు ఎలా ఉంటే సరిపోయేదో!

నెల్లూరు రవళి:
అసలు ఏడవలేదని ఎవరు చెప్పారు పెదనాన్నా? ఆ ఉదయం మొదట వచ్చింది పనిమనిషి. తల్లి తన మీద పడి ఏడ్చిందని ఆమే కోర్టులో చెప్పింది. అదే పనిమనిషి క్రాస్ ఎగ్జామినేషన్‌లో, తనకి నేర్పిందే ఇక్కడ చెబుతున్నానని కూడా అంది. ఈ రెండో ముక్క విన్నవాళ్లు చాలా తక్కువ.

మెల్‌బోర్న్ వాసు:
ఇక్కడ ఆస్ట్రేలియాలో ఈ చర్చకి నలభై ఏళ్లు దాటాయి. 1980 ఆగస్టు 17 రాత్రి, అప్పట్లో ఎయర్స్ రాక్ అనే ఉలురు దగ్గర క్యాంపింగుకి వెళ్లిన లిండీ చాంబర్లేన్ టెంట్‌లోంచి తొమ్మిది వారాల పాప అజారియా మాయమైంది. డింగో, అంటే ఇక్కడి అడవికుక్క, ఎత్తుకుపోయిందని తల్లి మొదటి నిమిషం నుంచి చెబుతూనే ఉంది. 1981లో మొదటి విచారణ చేసిన కరోనర్, అంటే మరణానికి కారణం తేల్చే అధికారి, కూడా అదే అన్నాడు, అదీ లైవ్ టీవీలో.

జనం నమ్మలేదు. ఆమె టీవీలో నిబ్బరంగా మాట్లాడింది, డింగోలు ఎలా తింటాయో వివరంగా చెప్పింది, బాగా తయారై కోర్టుకొచ్చింది. భర్త సెవెంత్‌డే అడ్వెంటిస్ట్ అనే క్రైస్తవ శాఖలో పాస్టర్. ఇక చూడండి, పాప పేరుకి "అడవిలో బలి" అని అర్థమట, పాపకి నల్ల గౌను వేసేదట, ఊరూరా ఇవే కబుర్లు. ఆ పేరుకి అలాంటి అర్థం ఏమీ లేదు. 1982 అక్టోబరు 29న డార్విన్‌లో జ్యూరీ ఆమెకి హత్యానేరం ఖాయం చేసింది, యావజ్జీవం పడింది. అప్పుడామె నిండు గర్భిణి, ప్రసవం జైలు శిక్షలో ఉండగానే జరిగింది. కారులో దొరికిన "పసిపాప రక్తం" ఆ కేసుకి వెన్నెముక. తర్వాత తేలింది ఏమిటంటే అందులో చాలా భాగం కారు తయారీలో చప్పుడు తగ్గడానికి కొట్టే రసాయనం. 1986లో పాప కోటు డింగోల గుహల దగ్గర దొరికాకే ఆమె బయటికొచ్చింది. 1988లో శిక్ష రద్దయింది. డింగోయే కారణమని కరోనర్ అధికారికంగా రాసింది ఎప్పుడో తెలుసా? 2012 జూన్‌లో.

సోషల్ మీడియా లేని రోజుల్లోనే ఇంత జరిగింది సుబ్బు గారూ.

సూటిగా సుబ్బు:
ఒక్క లిండీ కథ చెప్పి తలుపు మూసేస్తే ఎలా వాసూ? సోహమ్ సంగతి కూడా చెప్పుకుందాం. 2002 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని ఆ ఊళ్లో ఇద్దరు పదేళ్ల అమ్మాయిలు కనిపించకుండా పోయారు. అక్కడి స్కూలు కేర్‌టేకర్ ఇయాన్ హంట్లీ తనే టీవీ వాళ్లకి ఇంటర్వ్యూలిచ్చాడు, ఆ పిల్లల్ని చివరిగా చూసింది తనేనేమో అన్నాడు. అతనితో ఉండే మాక్సీన్ కార్ ఆ పిల్లల గురించి "ఉండేది, చేసేది" అని అప్పటికే పోయినవాళ్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడింది. విన్నవాళ్లకి తేడా కొట్టింది. చివరికి ఏమైంది? హంట్లీయే హంతకుడు.

ఇంకోటి. 2012లో కెనడా పరిశోధకులు, తప్పిపోయిన తమవాళ్ల కోసం టీవీలో వేడుకున్నవాళ్ల వీడియోలు 78 తీసుకుని పరిశీలించారు. అందులో దాదాపు సగం మంది తర్వాత హంతకులని తేలినవాళ్లు. నిజంగా ఏడ్చేవాళ్ల ముఖ కండరాలకీ, నటించేవాళ్ల వాటికీ తేడా కనిపించింది. ముఖంలో ఏమీ తెలియదనడం అన్యాయం.

సిద్దిపేట శ్రీను:
సుబ్బన్నా, అక్కడ శిక్షణ పొందినవాళ్లు ఒక్కో ఫ్రేము ఆపి చూసి గుర్తులు వేశారు. తేడా కూడా మొత్తం గుంపు మీద సగటున తేలింది, ఫలానా మనిషి ముఖం చూసి చెప్పింది కాదు. మామూలు జనం సంగతి 2006లోనే తేలింది. 200కి పైగా అధ్యయనాలు కలిపి చూస్తే అబద్ధాన్ని పట్టుకోవడంలో మనుషుల సగటు 54 శాతం. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది.

సోహమ్‌లో అనుమానం వచ్చాక పోలీసులు స్కూల్లో వెతికారు. ఒక డబ్బాలో ఆ పిల్లలు వేసుకున్న ఫుట్‌బాల్ టీషర్టులు కాల్చినవి దొరికాయి. హంట్లీకి శిక్ష పడింది అలాంటి వాటి వల్ల, ఇంటర్వ్యూ వల్ల కాదు. మనకి ఆ రెండో అడుగు లేదన్నా. ఫోన్‌లో ముఖం చూసి అనుమానపడతాం, వెళ్లి ఏ డబ్బా మూతా తెరవలేం. తెరవలేం కాబట్టి ఆ అనుమానమే తీర్పై కూర్చుంటుంది.

ఏడుపు గురించే అయితే అమెరికాలో సూసన్ స్మిత్‌ని చూడండి. 1994 అక్టోబరులో సౌత్ కరొలినాలో, ఒక నల్లజాతి మనిషి కారు లాక్కుని ఇద్దరు పిల్లలతో సహా పోయాడని తొమ్మిది రోజులు టీవీల్లో వేడుకుంది. దేశమంతా జాలిపడింది. ఆ తొమ్మిది రోజులూ ఆ ఊళ్లో నల్లవాళ్లు ఎలా గడిపి ఉంటారో ఆలోచించండి. చివరికి తనే కారుని చెరువులోకి వదిలానని ఒప్పుకుంది. ఆమె కథని చెడగొట్టింది ఓ ట్రాఫిక్ లైటు. ఎర్రలైటు పడి ఆగానని, చుట్టుపక్కల వేరే బండి లేదని చెప్పింది. అడ్డరోడ్డులో బండి వస్తే తప్ప ఆ లైటు ఎర్రబడదు. షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, దాన్నే పట్టుకున్నాడు, కన్నీళ్లని కాదు.

నర్సమ్మ:
నేను పిల్లల క్యాజువాల్టీలో చాలాకాలం చేశాను. బిడ్డ పోయిందని చెప్పగానే గుండెలు బాదుకునేవాళ్లు ఉన్నారు. బిల్లు ఎక్కడ కట్టాలి అని అడిగినవాళ్లు ఉన్నారు. ఒక తండ్రి బిడ్డ చెప్పులు సరిగ్గా జత కలిపి పెట్టి, మా డాక్టరుకి థ్యాంక్స్ చెప్పి వెళ్లాడు. ఆ మూడో మనిషిని ఎవరైనా వీడియో తీసి పెట్టి ఉంటే మీరంతా ఏమనేవారో నాకు తెలుసు. పోస్టుమార్టం జరిగే దాకా మా దగ్గర ఎవరూ ఎవరి ఏడుపునీ కేస్‌షీట్‌లో రాయరు.

హైదరాబాదీ ల్యాబ్:
ముఖాల గురించి ఇన్ని మాటలు వచ్చాయి. మన ఊరి ల్యాబుకి ఈ కేసుతో ఉన్న సంబంధం ఎవరూ ఎత్తలేదు. డీఎన్ఏ పరీక్షలు చేసే హైదరాబాద్ కేంద్ర ల్యాబు సీడీఎఫ్‌డీకి పరీక్షకి వచ్చిన వస్తువుల్లో ఒక ఊదారంగు దిండు గలీబు ఉంది. తండ్రి దగ్గర పనిచేసే సహాయకుడి గదిలోంచి తీసుకున్నదిగా రికార్డు. 2008 నివేదిక ప్రకారం దాని మీద హేమరాజ్ డీఎన్ఏ ఉంది. 2011లో డిఫెన్స్ లాయర్లు చూసి ఎత్తిచూపే దాకా ఆ లైను ఎవరికీ పట్టలేదు. అప్పుడు సీబీఐ అది టైపింగ్ పొరపాటంది. రెండు గలీబుల లేబుళ్లు తారుమారయ్యాయని సీడీఎఫ్‌డీ కూడా లేఖ ఇచ్చింది. దీని మీద హైకోర్టులో పెద్ద వాదనే నడిచింది.

ఆ సహాయకుణ్ణి నేను దోషి అనడం లేదు, అతని మీద ఛార్జిషీటే లేదు. ల్యాబ్‌లో పనిచేసేవాడిగా నాకు నిద్రపట్టనివ్వని ప్రశ్న మాత్రం ఆ గలీబే. దాని మీద ఒక్క వీడియో చూపించండి, ఆవిడ జుట్టు మీద వంద చూపిస్తాను.

సూటిగా సుబ్బు:
బాసూ, గలీబు ఎవరికి కనిపిస్తుంది? ముఖం అందరికీ కనిపిస్తుంది. జనం కనిపించేదాని గురించే మాట్లాడతారు. టీవీ ముందుకి రావాలని నిర్ణయించుకుంది ఆవిడే కదా, వచ్చాక మాట్లాడొద్దంటే కుదరదు.

నెల్లూరు రవళి:
ఎందుకు వచ్చిందో కూడా చెప్పండి మరి. మే 23న భర్తని అరెస్టు చేశారు. అదే రోజు ఐజీ ప్రెస్‌మీట్ పెట్టి చనిపోయిన పిల్ల గురించి నానా మాటలూ అన్నాడు. కనీసం ఆ పిల్ల పేరు కూడా సరిగా పలకలేదు, శ్రుతి అన్నాడు. దేశమంతా ఆ మాటలే వింటుంటే తల్లి నోరు విప్పకూడదా? రాకపోతే దాక్కుందనేవారు, వస్తే నటించిందన్నారు.

సుబ్బు గారూ, ప్రవర్తన చూసి అనుమానించడం ఆ కేసులో తల్లితో మొదలవలేదు. మే 16న అందరి నోటా ఉన్న పేరు హేమరాజ్. ఇంట్లో పిల్ల హత్య, నౌకరు కనిపించడం లేదు. నేపాలీ, పరారీ, ఇంకేం కావాలి? పట్టిస్తే 20 వేల రూపాయల బహుమానం ప్రకటించారు, పోలీసులు నేపాల్ దారి పట్టారు. ఆ మనిషి అప్పటికే చనిపోయి అదే ఇంటి టెర్రస్ మీద ఉన్నాడు. మెట్ల మీద రక్తపు మరకలున్నాయి. టెర్రస్ తలుపుకి తాళం ఉంటే మర్నాటి దాకా ఎవరూ పగలగొట్టలేదు. చచ్చిపోయిన మనిషి ప్రవర్తన కూడా అనుమానాస్పదంగానే కనిపించింది చూశారా!

సూటిగా సుబ్బు:
అది తాళం పగలగొట్టని పోలీసుల నిర్లక్ష్యం. ప్రవర్తనతో దానికేం సంబంధం?

గుంటూరు వకీలు:
సంబంధం అదే కదండీ. వాడు పారిపోయాడని తేల్చేసుకున్నాక పైకెక్కి చూడాల్సిన అవసరం ఎవరికి కనిపిస్తుంది? ఆ ఒక్క రోజులో మీడియావాళ్లు, చుట్టాలు, ఇరుగుపొరుగు అందరూ ఆ ఫ్లాట్‌లో తిరిగారు. ఏ వేలిముద్ర మిగులుతుంది? తర్వాత తొమ్మిదేళ్లు కోర్టుల్లో కొట్టుకున్నది ఆ రోజు పోగొట్టుకున్న వాటి గురించే.

పెదనాన్న:
ఇంతకీ కేసు అయిపోయినట్టేనా వకీలు గారూ?

గుంటూరు వకీలు:
లేదు సర్. విడుదలను సవాలు చేస్తూ హేమరాజ్ భార్య, సీబీఐ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2018లో కోర్టు అప్పీలు విచారణకి తీసుకుంది. హైకోర్టు తీర్పు 273 పేజీలు, కావలసినవాళ్లు అడిగితే ఇక్కడ పెడతాను.

సూటిగా సుబ్బు:
పెట్టండి, చదువుతాను. రెండో సీబీఐ టీమ్ 2010 డిసెంబరులో సాక్ష్యం చాల్లేదని, కేసు మూసేయమని క్లోజర్ రిపోర్టు ఇస్తూనే అందులో తండ్రిని ఎందుకు అనుమానించిందో, దానికి హైకోర్టు ఏమందో చూడాలి. ఆ ముక్క తేలేదాకా మీ అందరితో ఏకీభవించను.

సిద్దిపేట శ్రీను:
ముఖం ఊసెత్తకుండా అడిగిన మొదటి ప్రశ్న ఇది అన్నా. వకీలు గారూ, ఆ భాగం ఏ పేజీలో ఉందో అదీ చెప్పి పెట్టండి.