వైద్యం సరిగ్గా దొరకని దేశానికి వెళ్తున్నాను, ఏ ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద కొన్ని వారాలు ఒక దేశంలో ఉండాల్సి వస్తోంది. అక్కడ రాజధాని దాటితే చెప్పుకోదగ్గ ఆసుపత్రి లేదట, సరిహద్దు వైపు గొడవలు కూడా జరుగుతున్నాయి. నేను ఉండబోయే ఊరు రాజధానికి ఒక పగలంతా ప్రయాణం. ఆన్‌లైన్‌లో చూస్తే పాలసీలన్నీ ఒకేలా ఉన్నాయి, కవరేజీ అంకె ఒక్కటే తేడా. అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నది తీసుకుంటే సరిపోతుందా? నాకు బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాను. ఇంట్లోవాళ్లు ఒకటే టెన్షన్.

జవాబు:
అంకె సంగతి తర్వాత చూద్దామండీ. ఖర్చు పెట్టడానికి ఆసుపత్రే లేనిచోట ఎంత కవరేజీ ఉంటే మాత్రం ఏం లాభం? మీరు మొదట చూడాల్సింది మెడికల్ ఎవాక్యుయేషన్, అంటే మిమ్మల్ని అక్కణ్నుంచి వైద్యం దొరికే చోటికి చేర్చే కవర్. ఎయిర్ అంబులెన్స్‌లో డాక్టరు, నర్సు, వెంటిలేటరు ఉండాలి, దారిలోని దేశాల అనుమతులు తీసుకోవాలి. దూరం ఎక్కువైతే ఖర్చు లక్ష డాలర్లు దాటడం వింతేమీ కాదు. కొన్ని పాలసీల్లో మొదటి పేజీలో పెద్ద అంకె వేసి, లోపల తరలింపుకి మాత్రం విడిగా చిన్న పరిమితి పెడతారు. ఆ లైను వెతికి పట్టుకోండి.

ఇంకో సంగతి. తరలించాలా వద్దా, ఎక్కడికి అనేది మీరు చెబితే జరగదు, కంపెనీ డాక్టరు నిర్ణయిస్తారు. చాలా పాలసీల్లో ‘తగిన వైద్యం ఉన్న దగ్గరి చోటు’ అనే ఉంటుంది, అంటే పక్క దేశం కావచ్చు, మీ ఇల్లు కాకపోవచ్చు. పైగా వాళ్లకి చెప్పకుండా మీరే విమానం మాట్లాడుకుంటే డబ్బు తిరిగి రావడం కష్టం. ముందు వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్, తర్వాతే ఏదైనా.

మరో జవాబు:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను అలాంటి చోట పనిచేశాను. మా సహోద్యోగికి జీపు బోల్తాపడి తొడ ఎముక విరిగింది. అడ్వాన్సు నగదు చేతిలో పడేదాకా ఆసుపత్రివాళ్లు చేర్చుకోలేదు. ‘ఖర్చు మేం కడతాం’ అని ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన హామీ పత్రాన్ని అక్కడ ఎవరూ లెక్కచెయ్యలేదు. విమానం సిద్ధంగా ఉన్నా ఊళ్లోని రన్‌వేకి లైట్లు లేవు, తెల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. అందుకే ఇన్సూరెన్స్ కంపెనీని ‘మీకు ఎన్ని విమానాలున్నాయి’ అని కాదు, ‘ఫలానా ఊళ్లో రాత్రి పదింటికి నా కాలు విరిగితే ఎవరొస్తారు, రాజధాని దాకా రోడ్డు మీద తెచ్చే ఖర్చు మీదేనా, ఆసుపత్రి నగదు అడిగితే ఎవరు కడతారు’ అని అడగండి. ఫోన్లో కాదు, ఈమెయిల్లో. ‘అన్నీ కవర్ అవుతాయి సార్’ అనే మాటని క్లెయిమ్ అప్పుడు ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. గొడవల సంగతేంటి? క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే ఇన్సూరెన్స్ చాలదా?

జవాబు:
కార్డుది వదిలేయండి. సూట్‌కేసు పోయినా, విమానం ఆలస్యమైనా పనికొస్తుందేమో. మీ ప్రయాణానికి చాలదు.

గొడవల విషయంలో రెండు చూడాలి. ఒకటి, ‘వెళ్లొద్దు’ అని ప్రభుత్వ హెచ్చరిక ఉన్న ప్రాంతానికి వెళ్తే చాలా మామూలు పాలసీలు చెల్లవు. బ్రిటన్ విదేశాంగ శాఖ అయితే తన హెచ్చరికల పేజీల్లోనే ఈ మాట రాస్తుంది. మీ పాలసీ ఏ ప్రభుత్వం హెచ్చరికని లెక్కలోకి తీసుకుంటుందో, మీరు దిగాక హెచ్చరిక మారితే ఏమవుతుందో కనుక్కోండి. రెండు, యుద్ధం, అంతర్యుద్ధం దాదాపు అన్నిచోట్లా మినహాయింపులే. మీరు పాల్గొనకుండా మధ్యలో చిక్కుకుంటే కవర్ ఇచ్చే పాలసీలు ఉన్నాయి, ప్రమాదకర ప్రాంతాల కోసమే విడిగా అమ్ముతారు, ప్రీమియం ఎక్కువ. గొడవలు ముదిరితే బయటికి తెచ్చేది సెక్యూరిటీ ఎవాక్యుయేషన్, అది మెడికల్‌లో భాగం కాదు. ఆ దేశం మీద ఆంక్షలుంటే చెల్లింపే ఆగిపోవచ్చు, ఆ క్లాజు కూడా చూడండి.

ఇంకొకరు:
అన్నా, అసలు మీ ఆఫీసువాళ్లని అడిగారా? పని మీద పంపేవాళ్లకి గ్రూప్ పాలసీ ఉండొచ్చు. టూరిస్టు పాలసీ కొనుక్కుని పనికి వెళ్తే, అందులో పని మినహాయింపు ఉంటే మొత్తం దండగ.

అంటువ్యాధుల లైను కూడా చూడండి. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు ఆ రోగుల్ని మామూలు ఎయిర్ అంబులెన్స్‌లు ఎక్కించుకోలేదు.

మరో జవాబు:
బీపీ దాచొద్దు. అదుపులోనే ఉంది కదా అని వదిలేస్తే, రేపు పక్షవాతం వచ్చినా గుండెకి ఏమైనా అయినా క్లెయిమ్ కొట్టేయడానికి అదొక్కటే చాలు. కొన్ని పాలసీలు పాత జబ్బులకి ప్రాణాపాయం ఉంటేనే ఇస్తాయి, మీది ఏ రకమో తేల్చుకోండి. మాత్రలు అవసరమైనదానికంటే రెండు వారాలకి ఎక్కువగా, జెనరిక్ పేరు (బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు) రాసిన చీటీతో, చేతి సంచిలో పెట్టుకోండి. చెకిన్ లగేజీలో వద్దు.

ఇన్సూరెన్స్ కంటే టీకాలు చవక, ఇది నా అభిప్రాయం. రేబిస్ టీకా ముందే వేయించుకుంటే కుక్క కరిచినా ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కర్లేదు, బూస్టర్ డోసులు చాలు. ఆ ఇమ్యునోగ్లోబ్యులిన్ చాలా దేశాల్లో దొరకదు, దాని కోసమే దేశం దాటాల్సి రావచ్చు. యెల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడిగే దేశమైతే టీకా వేసుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది, టికెట్ దానికి తగ్గట్టు చూసుకోండి.

అడిగినవారు:
రెండు కంపెనీలకి ఆ ప్రశ్నలే ఈమెయిల్ పెట్టాను. ఒకటి బ్రోచర్ పంపింది. రెండోది ఆ ఊరు పేరు పెట్టి, రోడ్డు ఖర్చు కూడా తనదేనని రాసింది. రెండోదే తీసుకుంటున్నా.

జవాబు:
మంచిది. ఆ ఈమెయిల్ ప్రింటు తీసి పాలసీతో పాటు పెట్టుకోండి. హెల్ప్‌లైన్ టోల్‌ఫ్రీ నంబరు బయటి దేశాల్నుంచి కలవకపోవచ్చు, మామూలు నంబరు అడిగి తీసుకుని ఇక్కణ్నుంచే ఒకసారి కొట్టి చూడండి. ఒక కాపీ ఇంట్లో, ఇంకోటి అక్కడ మీతో పనిచేసే మనిషి దగ్గర. స్పృహ లేకపోతే ఫోన్ చెయ్యాల్సింది ఆయనే.